బాగున్నవాళ్ల వరస

గాజుగుడ్డ చివరి పొర చర్మానికి అతుక్కుపోయింది. జ్ఞానమణి దాని మీద గోరువెచ్చని ఉప్పునీళ్లు చుక్కలుగా పోసి, నానేదాకా ఆగి, అంచు పట్టుకుని మెల్లగా లాగింది. సాల్మన్‌రాజు గోడవైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. సుగరు జబ్బు అతని ఎడమ పాదాన్ని తీసుకుపోయి చాలాకాలమైంది. అయినా కాలు తెగిన చోట పుండు మానినట్టే మాని మళ్లీ నోరు తెరుస్తూ ఉంటుంది. కొత్త గుడ్డ చుట్టి, ప్లాస్టరు అంటించి, ఆమె నేలకు చెయ్యి ఆన్చి లేవబోయింది. వీపు మధ్యలో ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కినట్టు నొప్పి వచ్చింది. కాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

"ఏటి?" అన్నాడు సాల్మన్‌రాజు, గోడవైపే చూస్తూ.

"ఏటీ నేదు. గేసు."

అతను టైలరు. పాదం పోయాక కుట్టుమిషనుకు మోటారు బిగించుకుని, మిగిలిన కాలితో నొక్కుతూ, వీధిలో ఆడవాళ్ల జాకెట్లూ బడిపిల్లల యూనిఫారాలూ కుడుతున్నాడు. పెళ్లాం చీర కట్టుకుని జాకెట్టు హుక్కులు పెట్టుకుంటుంటే అతని కళ్లు ఆమె భుజాల దగ్గర ఆగాయి. క్రిస్మస్‌కి ముందు ఒకసారి ఆమె జాకెట్లన్నీ తీసి రెండు పక్కలా కుట్టు లోపలికి వేశాడు. మొన్న గుడ్‌ఫ్రైడేకి ముందు ఇంకోసారి వేశాడు. ఆమె వెయ్యమని అడగలేదు, అతను వేశానని చెప్పలేదు. తొడుక్కున్నప్పుడు అతికినట్టు సరిపోయేసరికి ఆమెకు తెలిసింది. ఇవాళ అదే జాకెట్టు భుజం మీంచి మళ్లీ జారుతోంది.

"గంజి తాగీసి ఎల్లు."

"వచ్చి తాగుతాను" అంది కానీ, అతను చూస్తున్నాడని రెండు గుక్కలు తాగింది. మూడోది గొంతు దిగలేదు. గ్లాసు మీద మూత పెట్టి, చెప్పులు వేసుకుని బయటపడింది.

నర్సీపట్నంలో ఎండ అప్పటికే వీధుల్లోకి దిగింది. అబీద్ సెంటరు దగ్గర చింతపల్లి బస్సు కోసం కొండ మీది జనం పసుపు బస్తాల మీద కూర్చున్నారు. ఇడ్లీబండి దగ్గర నిలబడ్డ పిల్ల ఒకతె జ్ఞానమణిని చూసి తల్లి వెనక దాక్కుంది. ఆమెకది కొత్త కాదు. ఊళ్లో సగం మందికి ఆమె పేరు తెలియదు. 'సూదమ్మ' అంటే అందరికీ తెలుసు. మిషనరీల ఆస్పత్రిలో తల్లి నేల తుడిచేది. ఆ తల్లి వెనకాలే తిరిగి, అక్కడే ఆయాగా చేరి, ఒక ముసలి నర్సమ్మ నేర్పితే రక్తం తియ్యడం నేర్చుకుంది. ఆస్పత్రి మూతపడ్డాక ఆ విద్య చేతపట్టుకుని సెంటర్లో మేడమీదున్న రక్తపరీక్షల లాబ్‌కి వచ్చింది. పొట్టి మనిషి, నల్లగా, ఒకప్పుడు గుండ్రంగా ఉండేది. ఆమె చేతులెప్పుడూ చల్లగా ఉంటాయి. పిల్లలు పుట్టలేదు. చర్చిలో ఆడవాళ్ల వైపు చివరి బల్ల మీద కూర్చుంటుంది. ఆమె రాని ఆదివారం ఎవరికీ లోటు తెలియదు, ఎవరికైనా ఒంట్లో బాగోక ఇంటికొచ్చి రక్తం తియ్యాల్సి వస్తే తప్ప.

లాబ్ టెక్నీషియన్ ధర్మతేజ అప్పుడే తాళం తీసి ఫ్యాను వేశాడు.

"మణి ఆంటీ, జెన్నీ గారు ఫోన్ చేశారండి. మధ్యానానికి తనే వస్తారట. మిమ్మల్ని ఉండమన్నారు."

"తనే వస్తాదా? శాంపిళ్లు బస్సుకిచ్చేస్తాం కదేటి?"

"ఏమో, చెప్పలేదు."

జెన్నీ విశాఖలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న పిల్ల. ఈ ప్రాంతపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఆ సెగకు అంగిలి కాలి, తెల్లబడి, కొందరికి అక్కడే క్యాన్సరు పుడుతుంది. అది పుట్టకముందే ఉమ్మిలోనో రక్తంలోనో ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమోనని జెన్నీ వెతుకుతోంది. ఆమె వెతికేదాని పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ. కణంలోని జన్యువు నుంచి ఫలానా ప్రోటీను తయారు చెయ్యమని కబురు బయల్దేరుతుందట. ఈ బుల్లి ముక్క వెళ్లి ఆ కబురుకు అతుక్కుని పని జరగనివ్వదట. జెన్నీ మొదటిసారి వచ్చినప్పుడు లాబ్ మెట్ల మీద కూర్చుని ఇదంతా ఓపిగ్గా చెప్పింది. జ్ఞానమణి అర్థమైనంత మేరకు తలూపింది. ఉమ్మీ రక్తమూ పట్టి తెచ్చే పని ఆమెకిచ్చారు.

అడ్డపొగ తాగేవాళ్లు దొరికారు. దొరకనిది, పోల్చి చూడడానికి ఆ అలవాటూ ఏ రోగమూ లేని ఆడవాళ్లు. బాగున్న మనిషి రక్తమెందుకివ్వాలని అందరూ మొహం చాటేశారు. అప్పుడు జ్ఞానమణే ముందు చెయ్యి చాపింది. ఆమెను చూసి చర్చి ఆడవాళ్లు కొందరు వచ్చారు. అలవాటున్నవాళ్ల గొట్టాలకు ఎర్ర మూతలు, లేనివాళ్లవాటికి ఆకుపచ్చ మూతలు. స్టాండులో ఆకుపచ్చ మూతల వరస మొట్టమొదటి గొట్టం ఆమెది. ఏడాది తిరిగాక అందరితోపాటు ఇంకోసారి కూడా ఇచ్చింది. బాగున్నవాళ్ల వరసలో ముందున్నది తానేనని తలుచుకున్నప్పుడు ఆమెకు లోలోపల చిన్న గర్వంగా ఉండేది. బళ్లో గానీ చర్చిలో గానీ ఎక్కడా ముందు వరసలో నిలబడ్డ మనిషి కాదు.

ఐసుపెట్టె భుజానికి తగిలించుకుని రోలుగుంట ఆటో ఎక్కింది. దిగిన చోటినుంచి జీడితోటల మధ్య మట్టిదారి. రాలిన జీడిపళ్లు ఎండకు పులిసి దారంతా కల్లుపాకలా వాసన కొడుతోంది. మధ్యలో ఒకచోట పెట్టె దింపి, చెట్టుకు చెయ్యి ఆన్చి, తాగిన రెండు గుక్కల గంజీ కక్కేసింది. కొంగుతో మూతి తుడుచుకుని, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, మళ్లీ నడిచింది.

అప్పలకొండమ్మ పాక నీడలో కాళ్లు బారజాపుకుని, పళ్ల నుంచి జీడిపిక్కలు మెలిపెట్టి తీస్తోంది. ఎముకలు తప్ప ఇంకేమీ లేనట్టుండే ముసలామె. పెదాల మధ్య చుట్ట పచ్చికొస బయటికి కనిపిస్తోంది. నిప్పు లోపలుంది. మాట్లాడినప్పుడల్లా మూతి సందుల్లోంచి పొగ వస్తుంది.

"మళ్లీ ఒచ్చినావేటే సూదమ్మా? పోయిన్నెల్లో ఉమ్మి పట్టుకుపోనావు కాదేటి?"

"అది పాడైపోయిందంట పిన్నీ. కరెంటు పోనాదంట అక్కడ. మళ్లీ కావాలన్నారు."

అప్పలకొండమ్మ చుట్ట తీసి నేలకు రాసి ఆర్పింది. చేతిలోని పండు కింద పెట్టింది.

"పాడైంది ఉమ్మా, నా నోరా? నిజం సెప్పు."

"ఓలమ్మా, నిజమే సెప్తన్నాను. రెండోసారి అడిగినారంటే బయపడక్కర్లేదు. ఎందరినో అడిగినారు."

"అయితే ఇది సెప్పు. నా ఉమ్మిలో ఆ వైజాగు పిల్ల ఏటి సూస్తాది? పురుగులా?"

జ్ఞానమణి పెట్టె మీద కూర్చుంది. జెన్నీ మాటలు ఈ ముసలామెకు పనికిరావు.

"మా ఆయనకి జాకెట్టు గుడ్డతోటి కొలతల సీటీ ఇస్తారు కదా. ఆ సీటీ మీద ఎవులో సిన్న ముక్క అంటించీసేరనుకో. ఇంక ఆ జాకెట్టు కుట్టడు. మన ఒంట్లో కూడా అలాటి ముక్కలుంటాయంట. అక్కర్లేనిది కుట్టకుండా ఆపడానికి. ఉండాల్సినవే. గానీ కొన్ని ఎక్కువైపోతే, ఇంక సాలు ఆపీ అని సెప్పే సీటీలకి కూడా అంటుకుపోతాయంట. అప్పుడు ఒళ్లు ఆగదు పిన్నీ. కుట్టుకుంటా పోతాది."

"ఏటి కుడతాది?"

"పుండు."

అప్పలకొండమ్మ ఆరిన చుట్టను పక్కన పెట్టింది. తరవాత నోరు తెరిచి చూపించింది. జ్ఞానమణి టార్చి వేసి చూసింది. అంగిలి ఎప్పటిలాగే సున్నం కొట్టిన గోడలా తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. అది మంచిదో చెడ్డదో ఆమెకు తెలియదు. తెలిసినట్టు ఎప్పుడూ చెప్పలేదు.

"మరి నీవి సూసినారేటి, ఆ ముక్కలు?" అంది ముసలామె, గొట్టంలో ఉమ్మి పట్టడం అయ్యాక.

"నాను బాగున్నోళ్ల లెక్కలో ఇచ్చినాను పిన్నీ."

"ఏటి బాగు? ఎండుసేపలాగున్నావు. నా కూతుర్లాంటిదానివని సెప్తన్నాను, ఓపాలి పెద్ద డాకటేరుకి సూపించుకో."

జ్ఞానమణి నవ్వి, ఆమె చేతికి రబ్బరుపట్టీ కట్టి, "ఇటు సూడకు, అటు సెట్టు కాసి సూడు" అంది. సూది దిగినట్టు అప్పలకొండమ్మకు తెలియనే లేదు. బయల్దేరేముందు చేతిలో ఒక పండిన జీడిపండు పెట్టింది. తోట దాటాక జ్ఞానమణి దాన్ని దారి పక్కన మెల్లగా దింపేసింది.

మధ్యాహ్నం లాబ్ మెట్లెక్కుతూ ఆమె రెండుచోట్ల ఆగింది. పైన జెన్నీ బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది. ముప్పై దాటని పిల్ల, కళ్లజోడు, బస్సు ప్రయాణానికి చెదిరిన జుట్టు. ఐసుపెట్టె అందుకోబోలేదు. ఎప్పుడూ మొదట అదే అడుగుతుంది.

"ఆంటీ, ముందు కూర్చోండి."

"అప్పలకొండమ్మది తెచ్చేనమ్మా. ఐసు గట్టిగానే ఉంది."

"సరే ఆంటీ. మీది కూడా ఒకటి కావాలి. మళ్లీ."

జ్ఞానమణి నవ్వింది. "నాదీ పాడైపోయిందేటి?"

జెన్నీ నవ్వలేదు. ధర్మతేజ లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"పోయినేడాది మొదటిసారి ఇచ్చారు చూడండి, అందులో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ చాలా ఎక్కువ వచ్చింది. ఆకుపచ్చ మూతల్లో మీ ఒక్కరిదే. దార్లో వేడి తగిలి రక్తకణాలు చితికి ఉంటాయి, అందుకే తప్పు అంకె వచ్చింది అనుకున్నాం. లెక్కలోంచి తీసేశాం. ఈ ఏడాది ఇచ్చినదాంట్లో ఇంకా ఎక్కువుంది. అది చితకలేదు. మళ్లీ మళ్లీ చేసి చూశాను."

జ్ఞానమణి ఒళ్లో చేతులు పెట్టుకుని విన్నది. ఆమె మొదట అన్నమాట ఇది: "ఆ రోజు కూడా ఐసు బాగానే ఉందమ్మా. మూత తీసి చూసుకునే బస్సెక్కించేను."

"బాగానే ఉందాంటీ. మీరు పంపింది బాగానే ఉంది. పొరపాటు నాది."

ఆ మాటకు జ్ఞానమణి భుజాలు కొంచెం కిందికి దిగాయి. పని చెడగొట్టలేదు. కాసేపటిదాకా ఆమెకు ఆ ఒక్క సంగతే తెలిసింది. మిగతాది తరవాత మెల్లగా లోపలికి వచ్చింది.

"నోట్లోనా?"

"నోట్లో అని కాదు. ఆ ఒక్క అంకె చూసి ఎక్కడని చెప్పలేం. జబ్బుందనే చెప్పలేం. మామూలు వాపుకి కూడా పెరగొచ్చు. ఇది ఆస్పత్రిలో చేసే పరీక్ష కాదు ఆంటీ, ఇంకా పరిశోధనే. అందుకే ఎవరి ఫలితం వాళ్లకి చెప్పకూడదని నియమం. మా సారు కూడా ఈ ఒక్కటీ వదిలెయ్యమన్నారు. నేనే..." జెన్నీ ఆగింది. "మీరు బాగా తగ్గిపోయారు. పోయిన నెల మిమ్మల్ని చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడైనా నొప్పుందా?"

గేసు అనబోయింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లి వీపు మధ్యలో ఆగింది.

"తింటే ఎక్కువవుద్ది. పడుకుంటే ఇంకా ఎక్కువ."

జెన్నీ తల వంచుకుంది. కళ్లజోడు తీసి చున్నీతో తుడిచింది. తుడిచాక కూడా పెట్టుకోలేదు.

"పోయినేడాదే తెలిసుంటే?" అంది జ్ఞానమణి. నిష్ఠూరంగా కాదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

"తెలీదాంటీ. నిజంగా తెలీదు."

ధర్మతేజ వచ్చి ఆమె చేతికి పట్టీ కట్టాడు. ఎన్నో ఏళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్నా ఆమె చెయ్యి అతనెప్పుడూ పట్టుకోలేదు. నరం దొరక్క రెండుసార్లు వేలితో తడిమాడు. ఆమే ఇంకో చేత్తో మోచేతి మడత మీద తట్టి, "ఇక్కడ బాబూ" అంది.

"అటు చూడండి ఆంటీ" అన్నాడతను.

ఆమె అటు చూడలేదు. సూది చర్మంలోకి దిగడం, గొట్టంలోకి నల్లటి ఎరుపు ఎక్కడం చివరిదాకా చూసింది. గొట్టం నిండాక ధర్మతేజ మూతల డబ్బా ముందు చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఏ రంగు వెయ్యాలో అతనికి తోచలేదు. జెన్నీ ఆ గొట్టాన్ని తీసుకుని, మామూలు తెల్లమూత బిగించి, సంచిలో విడిగా పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మిషను నడుస్తోంది. సాల్మన్‌రాజు ఎవరిదో నీలంరంగు లంగాకు అంచు కుడుతున్నాడు. జ్ఞానమణి గుమ్మం మీద కూర్చుని చాలాసేపు ఆ చప్పుడు విన్నది.

"రేపు వైజాగెల్లాలి. జెన్నీ గారు తీసుకెల్తానన్నారు."

"దేనికి?"

"స్కానింగు."

మోటారు ఆగింది. అతను సూది కింది గుడ్డను తియ్యకుండా దాని మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"క్రిస్మస్‌కే తెలిసింది నాకు" అన్నాడు. "టేపు అక్కర్లేదు. సూస్తే తెలిసిపోద్ది."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు సెప్తావనుకున్నాను."

ఆమె లేచి ఉప్పునీళ్లు కాచింది. రోజూ కట్టు మార్చేది పొద్దునే. గోడకున్న అద్దం తీసి అతని ముందు నేలమీద వాలుగా నిలబెట్టింది. గాజుగుడ్డ, కత్తెర, ప్లాస్టరు అతని కుడిచేతి పక్కన వరసగా పెట్టింది.

"నువ్వే విప్పు. నాను సూస్తాను."

"నా వల్ల కాదు మణీ."

"అవుద్ది. ముందు తడుపు. నానకుండా లాగితే రక్తం వస్తాది. అద్దంలో అడుగు కనిపిస్తందా? అక్కడ సీము ఉందో లేదో రోజూ సూసుకోవాలి."

అతను తడిపాడు. సగం నీళ్లు నేల మీదే పోయాయి. ఆమె సాయం పట్టలేదు. అతని పుండును అతనే మొదటిసారి కళ్లారా చూసుకుంటుంటే, ఆమె గోడకు ఆనుకుని, నొప్పి ఉన్నచోట పిడికిలి పెట్టుకుని, ఏ పొర తరవాత ఏ పొరో చెబుతూ కూర్చుంది. అతను ఏడుస్తూనే కట్టాడు. వదులుగా వచ్చింది. విప్పించి మళ్లీ కట్టించింది.

విశాఖ ఆస్పత్రిలో తేలింది, జబ్బు క్లోమగ్రంథిలో ఉందని, కాలేయానికి అప్పటికే పాకిందని. ఆపరేషను కుదరదన్నారు. సూదిమందులు కొన్నాళ్లు ఎక్కించారు. అవి ఆమె జుట్టు తీసుకుపోయాయి గానీ నొప్పిని తీసుకుపోలేదు. తల మీద కొంగు కప్పుకుని వానలు పడేదాకా లాబ్‌కి వచ్చింది. పల్లెలకు వెళ్లే ఓపిక లేక కుర్చీలో కూర్చునే రక్తం తీసేది. పసిపిల్లల్ని మాత్రం ఎవరెంత చెప్పినా ఇంకొకరికి వదిలేది కాదు.

ఒకసారి అప్పలకొండమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆమె అంగిలిలో ముక్క తీసి పరీక్ష చేశారని, క్యాన్సరు కాదన్నారని చెప్పడానికి వచ్చింది. కొంగు కింద జుట్టు లేని తల చూసింది. చాలాసేపు జ్ఞానమణి చెయ్యి పట్టుకుని కూర్చుని, ఏమీ చెప్పకుండానే రోలుగుంట ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. బళ్లు తెరిచి రెండు నెలలైనా యూనిఫారాల పని ఒత్తిడి తగ్గలేదు. సాల్మన్‌రాజు వీధివైపు మొహం పెట్టి మిషను మీద కుడుతున్నాడు. వెనక మంచం మీద జ్ఞానమణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొద్దున అతనే కట్టు కట్టుకుంటే చూసి, బాగుంది అన్నట్టు కళ్లు మూసి తెరిచింది. చొక్కా కాలరు పూర్తయి దారం తెంపడానికి అతను మోటారు ఆపాడు. వెనకనుంచి ఇన్నాళ్లూ వినిపిస్తున్న మూలుగు లాంటి ఊపిరి వినిపించలేదు. అది ఎప్పుడు ఆగిందో, మిషను చప్పుడులో అతనికి తెలియలేదు.

చర్చివాళ్లు వానలోనే సమాధి చేశారు. జెన్నీ వచ్చి చివర నిలబడింది. ఆమె పరిశోధన ఆ ఏడాది చివర్లో ఒక పత్రికలో అచ్చయింది. అడ్డపొగ తాగేవాళ్ల లాలాజలంలో ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరుగుతోందో, ఏది తగ్గుతోందో అందులో వివరంగా ఉంది. ఆరోగ్యవంతుల్లో ఒకరికి వేరే వ్యాధి బయటపడినందున లెక్కలోంచి తొలగించినట్టు అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది.

లాబ్‌లో ఆమె పని ఇప్పుడు వేరే అమ్మాయి చేస్తోంది. శాంపిళ్ల ఫ్రిజ్ తలుపు మీద తినే వస్తువులు పెట్టరాదని కాగితం అంటించి ఉంది. లాబ్‌కి వచ్చిన చివరి రోజుల్లో జ్ఞానమణికి నిమ్మకాయ ఊరగాయ నంజుకుని తినే మజ్జిగన్నం ఒక్కటే సయించేది. ఫ్రిజ్ శుభ్రం చేసేటప్పుడల్లా ధర్మతేజ తలుపు అరలోంచి ఒకటి బయటికి తీసి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెడతాడు. మూత అంచున తుప్పు పట్టిన చిన్న గాజు సీసా, అందులో అడుగున నల్లబడిన నిమ్మకాయ ముక్కలు రెండు, వాటి మధ్య ఆమె నిలబెట్టినట్టే ఉన్న చెంచా.